చేతులనే చూసిన చరిత్ర: బ్రెజిల్ మూలవాసుల, నల్లజాతీయుల విద్యలు

2003 జనవరి 9న బ్రెజిల్‌లో 10,639 నంబరు చట్టం వచ్చింది. ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలన్నిటిలో ఆఫ్రికా చరిత్రను, బ్రెజిల్ నల్లజాతీయుల చరిత్రను, సంస్కృతిని తప్పనిసరిగా బోధించాలన్నది దాని సారం. ఐదేళ్ల తరువాత, 2008 మార్చిలో, 11,645 నంబరు చట్టం ఆ పాఠంలోకి మూలవాసులను కూడా తెచ్చింది. 2022 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో తెల్లవారు 43.5 శాతం. మిశ్రమ వర్ణం వారమని చెప్పుకున్నవారు 45.3 శాతం, నల్లవారమని చెప్పుకున్నవారు 10.2 శాతం, మూలవాసులు దాదాపు 17 లక్షల మంది. సగానికి మించిన జనం పూర్వీకుల కథ బడిలో అడుగుపెట్టడానికి, స్వాతంత్ర్యం వచ్చాక కూడా, 181 ఏళ్లు పట్టిందన్నమాట.

ఆ 2003 నాటి చట్టంలో రెండు మాటలు ఆగి చదవవలసినవి. సామాజిక, ఆర్థిక, రాజకీయ రంగాలలో నల్లజాతి ప్రజల తోడ్పాటును వెలికి తీయాలని ఒకచోట ఉంది. ఈ బోధన అన్ని పాఠాలలో సాగాలని చెబుతూనే, ముఖ్యంగా కళావిద్య, సాహిత్యం, చరిత్ర పాఠాలలో జరగాలని మరోచోట ఉంది. దశాబ్దాల నల్లజాతి ఉద్యమం కష్టపడి సాధించుకున్న చట్టం ఇది. దాని విలువను ఎవరూ తగ్గించలేరు. అయినా ఆ రెండో మాట దగ్గర మనసు కలుక్కుమంటుంది. రసాయనశాస్త్రం, వ్యవసాయం, లోహవిద్య, న్యాయశాస్త్రం నేర్పే గదులకు ఈ చరిత్రతో పని లేదా? 'తోడ్పాటు' అన్న మాటలోనూ ఒక పేచీ ఉంది. ఎవరో ఇల్లు కట్టుకుంటుంటే పక్కవాళ్లు వచ్చి ఓ చేయి వేసినట్టు వినిపిస్తుంది. బ్రెజిల్ అనే ఇంటికి నేల చదును చేసినవాళ్లు, పునాది తీసినవాళ్లు, దూలాలు ఎత్తినవాళ్లు, వంట వండినవాళ్లు, ఆ ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో చాలా భాగం ఇచ్చినవాళ్లు వీళ్లే.

1711లో ఒక జెసూట్ పాదిరి బ్రెజిల్ సంపద గురించి రాస్తూ, బానిసలు చెరకు గానుగ యజమానికి చేతులూ కాళ్లూ అన్నాడు. ఆ మాటను నేటికీ చరిత్ర పుస్తకాలు ఎత్తి చూపుతాయి. బానిసల శ్రమ లేనిదే పంచదార లేదని ఒప్పుకోవడం అందులో ఉంది కాబట్టి దాన్ని నిజాయితీ గల మాటగా కూడా చెబుతారు. కానీ చేతులూ కాళ్లూ అన్న పాదిరి తల ఊసు ఎత్తలేదు. తల యజమానిదేనన్న భావం ఆ వాక్యంలో దాగి ఉంది. మూడు వందల ఏళ్లుగా బ్రెజిల్ చరిత్ర ఆ లెక్కలోనే నడిచింది. మూలవాసి అంటే అడవి, నల్లవాడు అంటే కండ. కాస్త దయ పుట్టిన కాలంలో వాళ్లకు ఈకల కిరీటం, డప్పు కూడా ఇచ్చారు. వాళ్ల బుద్ధి, వాళ్ల విద్య ఆ లెక్కలోకి ఎక్కలేదు.

విద్య అంటే ఎలాంటిదో కర్రపెండలంతో మొదలుపెట్టి చూడవచ్చు. ఈ దుంపను అమెజాన్ నైరుతి ప్రాంతపు మూలవాసులు వేల ఏళ్ల కిందటే సాగులోకి తెచ్చారు. ఇందులో తీపి రకం, చేదు రకం ఉన్నాయి. చేదు రకం దుంపను కోసినా, నలిపినా అందులోంచి సైనైడ్ విషం విడుదలవుతుంది. పచ్చిగా తింటే ప్రాణం పోతుంది. అలాంటి దుంపను అసలు ఎందుకు పండించారు? పురుగులు, జంతువులు దాని జోలికి సులువుగా రావు. సారం లేని నేలలోనూ పండుతుంది. కావలసినప్పుడు తవ్వుకునేలా నెలల తరబడి భూమిలోనే ఉంచవచ్చు. విషమే ఆ పంటకు కాపలా. ఇక మనిషి చేయవలసిందల్లా ఆ విషాన్ని తాను తినే ముందు వదిలించుకోవడం. దానికి మూలవాసి స్త్రీలు ఒక పద్ధతి కనిపెట్టారు. దుంపను తురుముతారు. తురుమును 'తిపితీ' అనే పొడవాటి గొట్టంలాంటి అల్లిక సంచిలో కూరుతారు. దాన్ని ఒక కొసన వేలాడదీసి, రెండో కొసను కిందికి లాగితే సంచి సాగుతుంది, సాగేకొద్దీ సన్నబడుతుంది, లోపలి విషపు రసం అంతా కారిపోతుంది. మిగిలిన పిండిని పెద్ద పెనం మీద వేయిస్తే, ఉన్న కొద్దిపాటి విషమూ ఆవిరైపోతుంది. కారిన రసాన్ని కూడా పారబోయరు. అడుగున పేరిన గంజిని వేరు చేస్తారు. పైన తేలిన పసుపురంగు రసాన్ని చాలాసేపు మరగబెట్టి 'తుకుపీ' అనే పులుసు చేస్తారు. ఉత్తర బ్రెజిల్ వంటలకు ఆ పులుసే ప్రాణం.

ఇది రసాయనశాస్త్రం. ప్రయోగశాల లేకుండా, తరతరాల పరిశీలనతో, ఒక తప్పు జరిగితే ఒక ప్రాణం పోయే పరిస్థితుల్లో తేలిన శాస్త్రం. పోర్చుగీసువారు 1500లో ఆ తీరానికి వచ్చినప్పుడు వాళ్లకు అలవాటైన గోధుమ ఆ ఉక్కపోత తీరంలో పండలేదు. వాళ్ల వలస బతికింది ఈ వేయించిన పిండి మీదే. నెలల తరబడి చెడిపోని ఆ 'ఫరీన్యా'ను మూటగట్టుకుని సైనికులు దేశం లోపలికి నడిచారు, ఓడలు అంగోలాకు వెళ్లాయి. అదే పిండి బానిసలను తెచ్చే ఓడల్లోనూ తిండి అయింది. ఒక జాతి కనిపెట్టిన అన్నం ఇంకో జాతిని బంధించి తేవడానికి ఉపయోగపడిందంటే, ఈ చరిత్రలో ఏ తీగను లాగినా చేదు తగలక మానదు.

ఆ దుంప అక్కడితో ఆగలేదు. పోర్చుగీసు ఓడల్లో ఆఫ్రికా చేరింది. నేడు ప్రపంచంలో దాన్ని అత్యధికంగా పండించేది నైజీరియా. గోదావరి జిల్లాల మెట్ట పొలాల్లోనూ అదే కర్రపెండలం. వ్రతాల రోజున తెలుగు ఇళ్లలో వండే సగ్గుబియ్యం పాయసం ఆ దుంప గంజితోనే తయారవుతుంది. టేపియోకా అన్న పేరు బ్రెజిల్ తీరపు టూపీ భాష మాట. మనం అనాస అని పిలిచే పండు పేరు కూడా పోర్చుగీసు నోట పడి ఇక్కడిదాకా నడిచొచ్చిన టూపీ మాటే. జీడిమామిడికి తెలుగువారు తమకు తెలిసిన జీడిచెట్టును, మామిడిని కలిపి సొంత పేరు పెట్టుకున్నారు కానీ, ఉత్తరాదివారు అనే 'కాజూ' టూపీల 'అకజు'. పలాసలో జీడిపప్పు ఒలిచే చేతులకూ బ్రెజిల్ ఈశాన్య తీరానికీ మధ్య ఇంత దగ్గర చుట్టరికం ఉంది.

అమెజాన్ అడవి మనిషి చేయి పడని కన్య అడవి అని ఇటీవలి వరకూ నమ్మారు. ఆ అడవి నేల సాధారణంగా సారం తక్కువది. వానలకు పోషకాలు కొట్టుకుపోతాయి. కానీ నదుల ఒడ్డున అక్కడక్కడా నల్లటి, లోతైన, సారవంతమైన మట్టి కనిపిస్తుంది. అందులో బొగ్గు, కుండపెంకులు, చేప ఎముకలు, బూడిద ఉంటాయి. 'నల్ల నేల' అని పిలిచే ఈ మట్టి మూలవాసుల ఊళ్ల చుట్టూ, వాళ్ల జీవనంతో, వాళ్ల చేతుల మీదుగా తయారైందని మట్టి శాస్త్రవేత్తలు తేల్చారు. వదిలేసి వందల ఏళ్లయినా అది ఇంకా పంటలు పండిస్తూనే ఉంది. ఈ జనానికి వ్యవసాయం తెలియదని రాసిన పుస్తకాలు ఎన్ని తరాల పిల్లలు బట్టీపట్టారో! మందుల సంగతీ అంతే. నీటికాసుల రోగులు కంట్లో వేసుకునే పైలోకార్పిన్ చుక్కల మందు మొదట జబోరాండి ఆకుల నుంచి తీసింది. ఆ ఆకు గుణాన్ని యూరప్ వైద్యులు 19వ శతాబ్దంలో తెలుసుకున్నారు. దాని పేరు, గుణం మూలవాసులకు అంతకు ఎంతో ముందే తెలుసు.

భాష దగ్గరికి వస్తే లెక్క మరీ తలకిందులవుతుంది. బ్రెజిల్ అంటే మొదటి నుంచీ పోర్చుగీసు మాట్లాడే దేశమని అనుకుంటారు. 18వ శతాబ్దం మొదటి సగం దాకా సావో పావ్లో పీఠభూమిలోనూ, అమెజాన్‌లోనూ ఇళ్లలో, వీధుల్లో ఎక్కువగా వినిపించింది టూపీ నుంచి పుట్టిన 'సామాన్య భాష'. తెల్లవారి పిల్లలు కూడా అందులోనే మాటలు నేర్చారు. జెసూట్ పాదిరి అంషియేటా రాసిన టూపీ వ్యాకరణం 1595లో పోర్చుగల్‌లోని కోయింబ్రాలో అచ్చయింది. 1645లో డచ్చివారితో యుద్ధం నడుస్తుండగా పొతిగ్వారా అనే మూలవాసి తెగ నాయకుడు ఫెలిపె కమరావ్, అవతలి పక్షంలో చేరిన తన బంధువు పెద్రో పొతికి ఉత్తరాలు రాయించాడు. అవి టూపీలోనే ఉన్నాయి. నేటికీ నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో భద్రంగా ఉన్నాయి. రక్తసంబంధీకులు పరాయివాళ్ల యుద్ధంలో చెరో పక్కన నిలబడి సొంత భాషలో ఒకరినొకరు పిలుచుకున్న ఉత్తరాలు అవి. మూలవాసులకు రాత లేదనే మాట ఆ కాగితాల ముందు నిలవదు.

1750ల చివర పోర్చుగల్ మంత్రి పొంబాల్ ఆ సామాన్య భాషను నిషేధించి, పోర్చుగీసునే మాట్లాడాలని శాసించాడు. భాష వెనక్కి తగ్గింది, పేర్లు మిగిలాయి. దేశపు స్వాతంత్ర్యాన్ని 1822లో ప్రకటించింది ఇపిరంగా వాగు ఒడ్డున. ఇపిరంగా అంటే టూపీలో ఎర్ర నీరు. జాతీయ గీతం మొదటి పంక్తిలోనే ఆ వాగు పేరు ఉంది. దేశంలోకెల్లా పేరుమోసిన ఫుట్‌బాల్ మైదానం మరకనా ఒక చిలుక జాతి పేరు. ఈ పేర్లను పలుకుతూ పెరిగినవారిలో ఎందరికి వాటి అర్థం తెలుసు?

ఆ అర్థాలను ఓపికగా ఏరి కూర్చినవాడు తెవోదోరో సంపాయో. 1855లో బహియాలోని సాంతో అమారోలో ఒక బానిస స్త్రీకి పుట్టాడు. ఇంజనీరు అయ్యాడు, నదులను కొలిచాడు, పటాలు గీశాడు. సంపాదన మొదలయ్యాక డబ్బు కట్టి తన అన్నదమ్ములను బానిసత్వం నుంచి విడిపించుకున్నాడు. దేశపు ఊళ్ల పేర్లలోని టూపీ మూలాలపై ఆయన గ్రంథం 1901లో వెలువడింది. ఆఫ్రికా బిడ్డ ఒకడు మూలవాసుల భాషను చదివి, తెల్లవారి దేశానికి దాని ఊళ్ల పేర్లేమిటో చెప్పవలసి వచ్చింది. ఈ ఒక్క మనిషి జీవితాన్ని సరిగ్గా బోధిస్తే చాలు, చట్టం కోరిన పాఠంలో సగం పూర్తవుతుంది.

ఆఫ్రికా మాటలు మరో దారిలో వచ్చాయి. టూపీ మాటలు నేలకు, చెట్టుకు, జంతువుకు అంటుకుంటే, అంగోలా కింబుందు మాటలు ఇంటి లోపలికి, ఒడి లోపలికి చేరాయి. కడగొట్టు బిడ్డను బ్రెజిల్ అంతటా 'కసూలా' అంటారు. ప్రేమగా తలలో వేళ్లు పోనిచ్చి నిమరడాన్ని 'కఫునే' అంటారు. ఈ రెండూ ఆఫ్రికా మాటలుగానే చెబుతారు. పరాయి బిడ్డలకు పాలిచ్చి, తల నిమిరి, నిద్రపుచ్చిన స్త్రీల సొంత బిడ్డలు ఎక్కడ ఉన్నారన్నది ఆ తీపి మాటల వెనుక ఎవరూ అడగని ప్రశ్న.

బ్రెజిల్ తీరాన బానిసలుగా దిగిన ఆఫ్రికన్లు సుమారు 48 లక్షల మంది. అమెరికా సంయుక్త రాష్ట్రాలకు నేరుగా వచ్చినవారు నాలుగు లక్షల లోపే. రియోలో 1811లో కట్టిన వలోంగు రేవులో దిగినవారే లక్షల్లో ఉన్నారు. 1843లో రాణిగారి రాక కోసం ఆ రేవు మీద కొత్త రాళ్లు పరిచి దాన్ని కప్పేశారు. 2011లో రేవు ప్రాంతానికి మెరుగులు దిద్దుతూ తవ్వుతుంటే ఆ పాత రాళ్లు బయటపడ్డాయి. 2017లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఆ ఓడల్లో వచ్చినవారిని కొన్నవాళ్లకు, వాళ్ల విద్యల సంగతి బాగానే తెలుసు. 1690లలో మినాస్ జెరైస్ కొండల్లో బంగారం బయటపడ్డాక పశ్చిమ ఆఫ్రికాలోని 'మినా తీరం' నుంచి వచ్చినవారికి గిరాకీ పెరిగింది. పోర్చుగీసులో 'మినా' అంటే గని; ఆ తీరం పేరే గని. ఆఫ్రికాలో ఆ ప్రాంతాల ప్రజలు నదుల ఇసుక కడిగి బంగారం తీయడంలో, లోహాలు కరిగించడంలో ఆరితేరినవారు. పోర్చుగల్ నుంచి వచ్చిన రైతుబిడ్డకు ఆ పని కొత్త. 1726లో రియో గవర్నరు ఒక లేఖలో రాసినది చదివితే ఆశ్చర్యమూ కోపమూ కలిసి వస్తాయి. మినా నల్లవారికి గనుల్లో ఇంత పేరు రావడానికి కారణం వాళ్లను మంత్రగాళ్లుగా భావించడమేనని, వాళ్లకు మాత్రమే బంగారం దొరుకుతుందని జనం నమ్ముతున్నారని, మినా స్త్రీ లేకుండా ఏ గని యజమానీ బతకలేడని, ఆమె ఉంటేనే అదృష్టం కలిసొస్తుందని అంటారని ఆయన రాశాడు. కళ్లెదుట విద్య కనిపిస్తోంది, ఫలితం సంచుల్లో పడుతోంది. అయినా దానికి విద్య అన్న పేరు ఇవ్వడానికి మనసొప్పలేదు. మంత్రం అన్నారు, అదృష్టం అన్నారు.

ఆ బంగారంతో లేచిన ఓరో ప్రెతో పట్టణపు చర్చీలను చూడటానికి నేడు ప్రపంచం వస్తుంది. వాటిని చెక్కినవారిలో అందరికన్నా గొప్పవాడు ఆంతోనియో ఫ్రాన్సిస్కో లిస్బోవా. తండ్రి పోర్చుగీసు వాస్తుశిల్పి, తల్లి బానిస. రోగం వచ్చి చేతులు, కాళ్లు వంకరపోయాక జనం ఆయనను 'అలైజాదిన్యో' అన్నారు, అంటే 'కుంటివాడు' అని. కొంగోన్యాస్‌లో 1800 నుంచి 1805 దాకా ఆయన బలపపు రాతిలో మలచిన పన్నెండు మంది ప్రవక్తలు ఆ దేశపు శిల్పకళకు శిఖరం. ఉలిని చేతికి కట్టించుకుని చెక్కాడని చెప్పుకుంటారు. చేతులు సహకరించని మనిషి ఏం పెట్టి చెక్కాడో ఆ 1711 నాటి పాదిరికి ఎవరు చెప్పాలి!

స్వేచ్ఛ కథను కూడా తలకిందులుగానే చెప్పారు. చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో బానిసత్వ నిర్మూలన అంటే 1888 మే 13, యువరాణి ఇసబెల్ బంగారు కలంతో సంతకం చేసిన రోజు. అమెరికా ఖండాలన్నిటిలో బానిసత్వాన్ని చివరగా రద్దుచేసిన దేశం బ్రెజిల్. ఆ సంతకానికి ముందు రెండు వందల ఏళ్ల పోరాటం ఉంది. 17వ శతాబ్దంలో నేటి అలగోవాస్ రాష్ట్రపు బరీగా కొండల్లో పాల్మారిస్ అనే స్వేచ్ఛా గ్రామాల కూటమి దశాబ్దాల పాటు డచ్చి సైన్యాలను, పోర్చుగీసు సైన్యాలను తట్టుకుని నిలబడింది. పారిపోయి వచ్చిన ఆఫ్రికన్లతో పాటు మూలవాసులూ అందులో ఉన్నారు. దాని చివరి నాయకుడు జుంబీని 1695 నవంబరు 20న చంపారు. 1971లో పోర్తో అలెగ్రె నగరంలో కొందరు నల్లజాతి యువకులు, మా పండుగ మే 13 కాదు, నవంబరు 20 అన్నారు. ఆ రోజును దేశవ్యాప్త సెలవుగా తొలిసారి జరుపుకున్నది 2024లో. 1835లో సాల్వడార్ నగరంలో తిరగబడిన 'మాలె'లు అనే ఆఫ్రికన్ ముస్లింల దగ్గర అరబ్బీలో రాసిన కాగితాలు దొరికాయి. చదువురాని బానిసలని అధికారులు అనుకున్నవాళ్లలో చాలామంది చదవగలరు, రాయగలరు.

వీళ్లందరిలోనూ ఎక్కువసేపు నిలబడి చూడవలసిన మనిషి లూయిస్ గామా. 1830లో సాల్వడార్‌లో స్వేచ్ఛ పొందిన ఆఫ్రికన్ తల్లికి పుట్టాడు. పదేళ్ల వయసులో తెల్ల తండ్రే అతడిని అప్పుల కోసం బానిసగా అమ్మేశాడు. సావో పావ్లోలో ఒక విద్యార్థి దగ్గర పదిహేడో ఏట అక్షరాలు నేర్చాడు. తాను స్వేచ్ఛగా పుట్టినవాడినని రుజువులు సంపాదించి బయటపడ్డాడు. న్యాయ కళాశాల ఆయనను విద్యార్థిగా చేర్చుకోలేదు. సొంతంగా చదివి కోర్టుల్లో వాదించాడు. ఆయన చేతికి దొరికిన ఆయుధం 1831 నాటి చట్టం. బ్రిటన్ ఒత్తిడి మీద చేసిన ఆ చట్టం ప్రకారం అప్పటి నుంచి బ్రెజిల్‌కు తెచ్చిన ప్రతి ఆఫ్రికనూ స్వతంత్రుడే. అమలుచేసే ఉద్దేశం పాలకులకు లేదు. 'ఇంగ్లీషువాడికి చూపడానికి' అనే నానుడి పోర్చుగీసులో ఆ చట్టంతో ముడిపడే నిలిచింది. ఆ తరువాత రెండు దశాబ్దాల్లో ఏడు లక్షలకు పైగా ఆఫ్రికన్లను దొంగతనంగా దించారు. గామా ఆ చచ్చిన చట్టాన్ని తీసి న్యాయమూర్తుల ముందు పెట్టాడు. ఈ మనిషి ఏ సంవత్సరంలో ఓడ దిగాడు? 1831 తరువాత అయితే మీ చట్టం ప్రకారమే ఇతడు స్వతంత్రుడు. వయసు, నోటి మాట, ఓడ వివరాలు పోగుచేసి ఒక్కొక్కరినీ విడిపించాడు. అలా ఐదు వందల మందికి పైగా విడుదలయ్యారు. రాజ్యం అబద్ధంగా రాసుకున్న వాక్యాన్ని నిజం చేసి చూపించిన ఆ న్యాయవిద్య ముందు ఏ బిరుదైనా చిన్నదే. 1882లో ఆయన చనిపోయాడు. దేశపు న్యాయవాదుల సంఘం ఆయనను న్యాయవాదిగా గుర్తించింది 2015లో.

ఈశాన్యాన సెయరాలో ఆ పని పడవవాళ్లు చేశారు. ఫోర్తలేజాలో ఓడలు ఒడ్డుకు రాలేవు. సరుకైనా మనుషులైనా 'జాంగడ' అనే తెప్పల మీదే ఓడ చేరాలి. 1881లో ఫ్రాన్సిస్కో జొజే దో నాసిమెంతో నాయకత్వాన తెప్పలవాళ్లు బానిసలను ఎక్కించబోమని భీష్మించారు. దక్షిణాదికి బానిసల అమ్మకం ఆగిపోయింది. 1884 మార్చి 25న, దేశం కన్నా నాలుగేళ్ల ముందే, సెయరా బానిసత్వాన్ని రద్దు చేసింది. ఆ తెప్ప మూలవాసులది; పేరు మాత్రం పోర్చుగీసువారు మలబారు తీరంలో నేర్చుకున్న 'చంగాడం'. తాటిదోనెలు జతకట్టి మన కాలువల్లో నడిపే సంగడి ఆ మాటకు చుట్టమే.

స్వేచ్ఛ వచ్చింది కానీ దానితో పాటు సెంటు భూమి రాలేదు. 1850లో బానిసల ఓడలను నిషేధించిన నెలలోనే ఇంకో చట్టం చేశారు: ప్రభుత్వ భూమి కొనుక్కుంటే తప్ప రాదు. విడుదలైనవారికి భూమి పంచాలని నల్లజాతి ఇంజనీరు ఆంద్రె రెబోసాస్ ఎంత మొత్తుకున్నా పాలకులు వినలేదు. 1890లో మంత్రి రుయ్ బర్బోజా బానిసత్వపు రికార్డులను తగలబెట్టమని ఆదేశించాడు. పాత యజమానులు నష్టపరిహారం అడగకుండా చేయడానికేనని చెబుతారు. కారణం ఏదైనా, కోట్ల మంది మనవలకు తాతముత్తాతల పేర్లు వెతుక్కునే కాగితం లేకుండా పోయింది. అదే ఏడు వచ్చిన శిక్షాస్మృతి నల్లజాతీయుల యుద్ధక్రీడ కపోయిరాను ఆడటాన్ని నేరం చేసింది. 1911లో రియో జాతీయ మ్యూజియం డైరెక్టరు లాసెర్దా లండన్ సభలో నిలబడి, ఇంకో శతాబ్దంలో బ్రెజిల్‌లో నల్లవారు, మిశ్రమ వర్ణంవారు ఉండరని ప్రకటించాడు. గడువు ముగిశాక తీసిన లెక్కలు పైన చూశాం.

మనుషులను తుడిచేయలేకపోయినా రంగును తుడిచే పని మాత్రం జరిగింది. పోర్చుగీసు సాహిత్యంలో తలమానికమైన మషాదో ద అస్సీస్ తండ్రి వైపు తాత, నానమ్మ విడుదలైన బానిసలు. బ్రెజిల్ సాహిత్య అకాడమీకి తొలి అధ్యక్షుడు ఆయనే. 1908లో చనిపోతే మరణపత్రంలో వర్ణం దగ్గర 'తెలుపు' అని రాశారు. అంత గొప్పవాడు నల్లవాడై ఉండడని నమ్మారు కాబోలు. ఆ తరువాత ఎన్నో తరాలు ఆయనను తెల్లవాడిగానే చూస్తూ చదివాయి.

డప్పు, వంట, పూజ గురించి అందరూ రాస్తారు కనుక క్లుప్తంగా చెప్పుకోవచ్చు. సాల్వడార్ వీధుల్లో తెల్లబట్టలు కట్టుకుని నల్లజాతి స్త్రీలు అమ్మే అకరజె మన బొబ్బర్ల గారెకు అక్కచెల్లెలు. అదే బొబ్బరపప్పును రుబ్బి, ఎర్రటి తాటిజాతి నూనెలో వేయిస్తారు. దాని రుచితో పాటు దేవతకు నైవేద్యం పెట్టే ఆచారమూ పశ్చిమ ఆఫ్రికాలోని యొరుబా నేల నుంచి వచ్చింది. నేడు దేశం సంబరపడే ఈ సంస్కృతిని నిన్నటిదాకా పోలీసులు వెంటాడారు. రియోలో ఆఫ్రో-బ్రెజిల్ మతస్థుల ఇళ్ల నుంచి గుంజుకుపోయిన ఐదు వందలకు పైగా పూజావస్తువులు పోలీసు మ్యూజియంలో పడి ఉండి, 2020లో గానీ బయటికి రాలేదు. మరో సంగతి: ఫెయిజోవాదా అనే బ్రెజిల్ జాతీయ వంటకాన్ని యజమానులు పారేసిన మాంసపు ముక్కలతో బానిసలు సృష్టించారని ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఆహార చరిత్రకారులు దీన్ని ఒప్పుకోరు. గింజలు, మాంసం కలిపి ఉడికించే కూరలు యూరప్‌లో అంతకుముందే ఉన్నాయి. మెచ్చుకోవడానికి చెప్పే ఆ కథ కూడా నల్లవారిని ఎంగిలి ఏరుకునేవాళ్లుగానే చూపిస్తుంది. నిజంగా వాళ్లు ఇచ్చినవి ఇన్ని ఉండగా లేనిదాన్ని అంటగట్టడం దేనికి?

రాజ్యాంగాన్ని రాయడంలోనూ వీళ్ల చేయి ఉంది. 1982లో పార్లమెంటుకు ఎన్నికైన తొలి మూలవాసి మారియో జురూనా. ఈ షవాంతె నాయకుడు అధికారుల దగ్గరికి వెళ్లినప్పుడల్లా టేప్‌రికార్డరు పట్టుకెళ్లేవాడు. వాళ్ల మాట నిలబడదని తెలుసు కాబట్టి వాగ్దానాలను రికార్డు చేసేవాడు. 1987 సెప్టెంబరులో మరో మూలవాసి నాయకుడు ఐల్తన్ క్రెనాక్ తెల్ల సూటు వేసుకుని రాజ్యాంగ సభ వేదిక ఎక్కి, మాట్లాడుతూ మాట్లాడుతూ, తన జాతి సంతాప ఆచారంగా ముఖానికి నల్లటి రంగు పూసుకున్నాడు. మరుసటి ఏడు వచ్చిన రాజ్యాంగం 231వ అధికరణంలో మూలవాసుల భూమి హక్కును 'మూల హక్కు' అంది. అంటే రాజ్యం ఇచ్చింది కాదు, రాజ్యానికి ముందే ఉన్నది. పారిపోయిన బానిసలు నిలిపిన గ్రామాల వారసులకు, 2022 లెక్కల్లో 13 లక్షలకు పైబడిన కిలోంబోలావారికి, భూమి పట్టాలు ఇవ్వాలని కూడా అదే రాజ్యాంగం రాసింది. పట్టాలు మాత్రం నత్తనడకన వస్తున్నాయి. మూలవాసుల హక్కును 1988 నాటికి ఆ భూమి మీద ఉన్నవాళ్లకే పరిమితం చేయాలన్న వాదాన్ని 2023లో సుప్రీంకోర్టు తోసిపుచ్చితే, అదే ఏడు పార్లమెంటు దాన్నే చట్టం చేసింది. అదే సంవత్సరం రాజ్యాంగం తొలిసారి ఒక మూలవాసి భాషలోకి, పాత సామాన్య భాషకు వారసురాలైన నెయెంగతులోకి వెళ్లింది. క్రెనాక్ మషాదో స్థాపించిన అకాడమీకి ఎన్నికైందీ ఆ ఏడే.

2018 సెప్టెంబరు 2 రాత్రి రియో జాతీయ మ్యూజియం తగలబడింది. మాట్లాడేవాళ్లు మిగలని మూలవాసి భాషల రికార్డింగులు కూడా ఆ మంటల్లో పోయాయి. 2024లో ఆ మ్యూజియానికే కోపెన్‌హేగన్ నుంచి ఒక పెట్టె వచ్చింది. అందులో ఉన్నది ఎర్రటి గ్వారా పక్షి ఈకలతో అల్లిన టూపినంబా ఉత్తరీయం. కనీసం 1689 నుంచి అది డెన్మార్క్‌లో ఉంది. టూపినంబాలు అనే ఆ మూలవాసి జాతి అంతరించిపోయిందని చాలాకాలం పుస్తకాలు రాశాయి. 2000లో సావో పావ్లోలో దాన్ని ప్రదర్శనకు పెట్టినప్పుడు బహియాలోని ఒలివెన్సా నుంచి టూపినంబా పెద్దలు వచ్చి చూశారు. అది మాది, మాకివ్వండి అన్నారు. అదే జాతి కళాకారిణి గ్లిసేరియా టూపినంబా యూరప్ మ్యూజియాలలో ఉన్న పాత ఉత్తరీయాలను దగ్గరగా పరిశీలించి, వందల ఏళ్లుగా ఎవరూ అల్లని ఆ వస్త్రాన్ని మళ్లీ అల్లారు. ఈకలను పట్టి ఉంచే ఆ ముడి కోసం ఆమె ఎక్కువ దూరం వెతకవలసిన పని పడలేదు. టూపినంబా పెద్దలు చేపలు పట్టడానికి అల్లుకునే చిన్న వల, జెరెరేలో, ఆ ముడి ఉంది.